జమ్మి చుట్టూ ఎర్ర కారు

బ్రేకులు పాడై కారును ఎక్కడో ఒకచోట గుద్దేవాళ్లు లోకంలో చాలామంది ఉంటారు. వాళ్ల మీద జాలిపడాలి. బ్రేకుల్ని బాగుచేయించుకుని, వాటి గొప్ప గురించి గద్వాల నుంచి నాగర్‌కర్నూల్ దాకా ఉపన్యాసాలిచ్చి, ఆ తర్వాత పండగపూట అత్తమామల్నీ పెళ్లాన్నీ ఎక్కించుకుని, ఊరి జనం మధ్యలోంచి ఆగకుండా సాగిపోయినవాడు మాత్రం నాకు తెలిసి ఒక్కడే. ఆ ఒక్కడి కథ చెబుతాను. నవ్వాలనిపిస్తే నవ్వండి. మా అత్తగారి ఊళ్లో ఇప్పటికీ నవ్వుతున్నారు కాబట్టి మీ నవ్వు వల్ల నాకు కొత్తగా జరిగే నష్టమేమీ లేదు.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. నాయన నేస్తాడు, అమ్మ దారం ఆసు పోస్తుంది, నేను చీరలు మూటగట్టి వనపర్తి, నాగర్‌కర్నూల్ దుకాణాలకు వేస్తాను. ఇలాంటి పని చేసేవాడికి ఎలాంటి బండి కావాలి? వెనక చోటు ఎక్కువ, తాగేది తక్కువ, రంగు దుమ్ము రంగు. నేను కొన్నదేమిటి? ఒకప్పుడు కుర్రాళ్లు గోడ మీద బొమ్మ అంటించుకుని మురిసిపోయిన ఎర్రటి రేసు రకం కారు. అప్పటికే దానికి ఇరవై ఏళ్లు. కంపెనీ పేరు చెప్పను, జరిగినదాంట్లో వాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు. హైదరాబాద్‌లో దాన్ని నాకు అమ్మినాయన తాళంచెవి ఇస్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఎంత ప్రేమో అనుకున్నాను. అవి ఆనందబాష్పాలని ఇంటికి చేరేలోపే తెలిసింది.

ఇంజనుకు మాత్రం వంక పెట్టలేం. ఎర్రవల్లి చౌరస్తా దాటామా లేదా అని అనుకుంటుండగానే పెబ్బేరు వచ్చేసేది. ఆగడం దగ్గరే పేచీ. ఆ కారులో బ్రేకు తొక్కడమంటే దరఖాస్తు పెట్టుకోవడమే. మంజూరు చేయడం, చేయకపోవడం దాని దయ.

పెళ్లయిన కొత్తలో ఒకనాడు సుజాతను ఎక్కించుకుని ధరూర్ వైపు నుంచి వస్తున్నాను. ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటారు. నాకు ముందు గొర్రెల మంద, పక్కన సుజాత.

“గొర్లున్నయి,” అంది.

“చూసిన.”

“చూస్తే ఆపు.”

“ఆపుతున్న.”

“ఎప్పుడు?”

అది నన్ను కాదు, కారును అడగాలి. చివరికి మంద నడిమధ్యకు పోయి ఆగింది. ఒక పొట్టేలు ముందు దీపాన్ని ఇంకో పొట్టేలు అనుకుందో ఏమో, తల వంచి రెండడుగులు వెనక్కి వేసింది. గొర్రెల కాపరి వచ్చి కిటికీలో తల పెట్టాడు.

“ఏమన్నా, బండికి బ్రేకుల్లేవా?”

“ఉన్నయి.”

“ఉంటే వాడరాదే.”

సుజాత దిగింది. రోడ్డు పక్కన నిలబడి గద్వాలకు పోయే షేర్ ఆటోను చెయ్యెత్తి ఆపింది. అది ఆగింది. ఆ పని అంత తేలిగ్గా జరగడం చూసి నాకు ఒళ్లు మండింది.

“నీ కారు ఆగుడు నేర్చుకున్నంక పిలువు,” అంది ఆటోలో సర్దుకుని. “మా నాయిన అండ్ల కూసోని, మంచిగున్నది అంటేనే నేను ఎక్కుత. లేదంటే అమ్మెయ్యి. గీ గొర్ల పంచాయితి నాతోని గాదు.”

మా మామ బాలయ్యది గోపాల్‌పేట దగ్గర ఊరు. వాళ్లూ ఒకప్పుడు నేతవాళ్లే, మగ్గం వదిలి రెండు తరాలుగా పల్లి పంట పట్టారు. ఎద్దును కొనేముందు దాని పళ్లు, గిట్టలు, తోక చూసి, చివరికి అమ్మేవాడి మొహం కూడా చూసి వద్దనే మనిషి. అలాంటాయన చేతిలో నా కారు తలరాత పడింది. ఆయన బాగుందంటే కారుంటుంది, బాగాలేదంటే పోతుంది.

అప్పటి నుంచి ఫోన్‌లో బ్రేకుల వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఈ రోజుల్లో డాక్టరు కావాలన్నా, ఇంజనీరు కావాలన్నా పెద్ద కష్టం లేదు. అన్నం తినేటప్పుడు ఫోన్‌ను చెంబుకు ఆనించి పెట్టుకుంటే చాలు, మజ్జిగ దగ్గరికి వచ్చేసరికి అయిపోతారు. నేనూ అలాగే అయిపోయాను. చక్రం లోపల ఒక ఇనుప పళ్లెం తిరుగుతుంది, దాన్ని డిస్క్ అంటారు. దానికి అటొకటి ఇటొకటి ప్యాడ్లుంటాయి. పెడల్ తొక్కితే అవి డిస్క్‌ను పట్టుకుంటాయి, బండి ఆగుతుంది. విషయం ఇంతే. దీన్ని నేను గంటసేపు చెప్పేవాణ్ని.

నాగర్‌కర్నూల్‌లో మా చీరలు కొనే సేటు ఒకరోజు చేతులు జోడించాడు.

“జర చీరలు చూపియ్యి తమ్మీ. గిరాకీ కూసున్నది.”

“చీరలు యాడికి పోతయి సేటూ. ముందు గిది విను. బ్రేకుకు ప్రాణం ఏంది? రాపిడి. రాపిడి లేకుంటే ఎంత పెద్ద బ్రేకైనా ఉత్తదే.”

“అయితే?”

“అయితే ఏంది, రాపిడి పెంచాలె.”

ఈ ముక్క గుర్తుంచుకోండి. బ్రేకుకు ప్రాణం రాపిడి అని నాకు తెలుసు. నలుగురికీ చెప్పాను కూడా. తెలియక చేసినవాడికి క్షమాపణ ఉంటుంది. నాకు ఆ దారి కూడా లేదు.

రాయచూరు రోడ్డులో ఖాజా అని ఒక మెకానిక్ ఉన్నాడు. మనం ఏం చెబితే అది చేస్తాడు, ఎందుకని అడగడు. నాలాంటివాళ్లకు అలాంటివాడే దొరుకుతాడు. పాత డిస్కులు తీసేసి వాటికంటే పెద్దవి వేయించాను. రబ్బరు గొట్టాలు తీయించి స్టీలు అల్లిక ఉన్నవి పెట్టించాను. లోపలి బ్రేక్ ఆయిల్ తీస్తే డికాక్షన్‌లా వచ్చింది, దాన్నీ మార్పించాను. అన్నిటికీ మించి, రేసుల్లో వాడే ప్యాడ్లు తెప్పించాను. మా నాయన ఒక చీర నేసి అమ్మితే వచ్చేదంతా ఒక చక్రం మింగింది.

“అన్నా, గివి రేసు ప్యాడ్లు,” అన్నాడు ఖాజా చేతులు తుడుచుకుంటూ. “పట్టు మస్తుగుంటది. గానీ సల్లగున్నప్పుడు జర కూస్తయి. పరేషాన్ గాకు, అలవాటైతది.”

“ఎవరికి? ప్యాడ్లకా?”

“నీకు.”

పట్టు నిజంగానే మస్తుగా ఉంది. మొదటిరోజు నాయన్ను పక్కన కూర్చోబెట్టుకుని పరీక్ష పెట్టాను. ఆయన నోట్లోని వక్కపలుకు ఎగిరి అద్దానికి తగిలింది.

“ఏందిరా, గోడకు గుద్దినవా?”

“లేదు నాయినా, బ్రేకు తొక్కిన.”

“రెండిట్ల ఫరక్ ఏమున్నది?”

నేను మాత్రం పొంగిపోయాను. కానీ ఖాజా చెప్పిన ఆ ‘జర’ కూత ఉంది చూశారూ, అది మామూలు కూత కాదు. బండి నెమ్మదిగా పోతూ బ్రేకు పడితే చాలు, గొంతు కోస్తున్న పంది వెనకాల కూర్చుందేమో అనిపించేది. మా వీధి మలుపు తిరిగేసరికి ఇంటింటా మగ్గాలు ఆగిపోయేవి, గుమ్మాల్లోకి తలకాయలు వచ్చేవి.

“మగ్గం గిట్ల కూస్తే ఒక్క పూట ఓర్వను నేను,” అనేవాడు నాయన. “జర నూనె పెట్టరాదురా.”

“మగ్గానికి, కారుకు ఫరక్ ఉంటది నాయినా,” అనేవాణ్ని, చదువురాని మనిషితో మాట్లాడే మేధావిలాగా. ఆయన నావైపు అదోలా చూసి మగ్గం గుంటలోకి దిగిపోయేవాడు. ఆయన తప్పేమీ లేదు. మగ్గాల ఇంట్లో అన్ని రోగాలకూ ఒకటే మందు. కూసేచోట ఒక చుక్క నూనె వేస్తే నోరు మూస్తుంది, పని సాఫీగా సాగుతుంది. పుట్టినప్పటి నుంచి నేను చూసిందీ అదే.

అంతలో దసరా వచ్చింది. కొత్త అల్లుణ్ని కాబట్టి పండక్కి పిలుపు వచ్చింది. సుజాత ముందే బస్సులో వెళ్లిపోయింది. కారు తీసుకుని రమ్మని, దాని సంగతి పండగనాడే తేల్చేస్తానని మామ కబురు పెట్టాడు. పొద్దున్నే ఒక్కణ్నీ బయల్దేరాను. స్పీడ్ బ్రేకర్ కనిపించిన ప్రతిచోటా నా కారు పాడింది. వనపర్తిలో ఒక కానిస్టేబుల్ తన నోట్లోని విజిల్ తీసి దానివైపు అనుమానంగా చూసుకున్నాడు.

అత్తగారింటి ముందు ఆపేసరికి కట్టేసిన బర్రె తాడు తెంపుకుని పోయింది. ఆయుధపూజకు ట్రాక్టరు కడుగుతున్న మామ నీళ్ల పైపు పక్కన పడేసి వచ్చాడు.

“ఏం తొక్కినవ్ అల్లుడా, పందినా?”

“బ్రేకు తొక్కిన మామా.”

ఆయన నన్ను తోలమని పక్కన కూర్చున్నాడు. ఊరి బయటి రోడ్డు మీద రెండుసార్లు వేగంగా పోనిచ్చి ఆపించాడు. దిగి చక్రాల చుట్టూ తిరిగి, ఎద్దుకు చేసినట్టే అన్నీ చూశాడు.

“ఆగుడు మంచిగ ఆగుతుంది. దాంట్ల పేరు పెట్టనీకి లేదు.”

“అయితే ఉంచుకోవచ్చు గద మామా?”

“తొందరపడకు. పొద్దుమీకి ఊరంత డప్పులతోని జమ్మికాడికి పోతం. పూజ చేసిన బండ్లన్ని ఎనక వస్తయి. పెద్దమనుషుల ఎనక నేను గీ పంది కూత ఏస్కుంట పోవాల్నా? ఇజ్జత్ ఉండొద్దా?”

“మరి ఏం చెయ్యమంటవ్?”

“కూత బందయితే ఎక్కుత. కాలేదంటే నడిచిపోత. నేను నడిస్తే నా బిడ్డ గుడ నడుస్తది. ఇగ కారు సంగతి నీకు చెప్పనవసరం లేదు.”

అంటే సాయంత్రానికి కూత ఆగకపోతే కారు పోతుంది. ఖాజాకు ఫోన్ చేశాను. తీయలేదు. తీసి ఉంటే ఈ కథ లేదు, నా పరువు ఎంతో కొంత మిగిలి ఉండేది.

కుడితిలో పడ్డ ఎలుకలాగా వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్నాను. అప్పుడు కనిపించింది గిన్నె. మా అత్త నాగలి కర్రుకు, కొడవళ్లకు, గడ్డపారకు నూనె పూసి, పసుపు రాసి బొట్లు పెడుతోంది. సొంత పంట పల్లీలు ఆడించిన కొత్త నూనె. వాకిలంతా కమ్మటి వాసన. ఆవిడ పూసిన ప్రతి ఇనుప వస్తువూ నిగనిగలాడుతోంది, ఒక్కటీ కూయడం లేదు.

ఒక పక్క నెలల తరబడి చూసిన వీడియోల జ్ఞానం. ఇంకో పక్క తాతముత్తాతల నాటి నేత నెత్తురు. నెత్తురే గెలిచింది. ‘కూసేచోట నూనె’ అని అది చెవిలో చెప్పింది. బ్రేకుకు ప్రాణం రాపిడి అని ఊరూరా చాటినవాణ్ని, ఆ ప్రాణం తీయడానికి గిన్నె పట్టుకుని లేచాను.

మగ్గానికి నూనె పెట్టేటప్పుడు చేసినట్టే ఒక పుల్లకు గుడ్డపేలిక చుట్టి, నూనెలో ముంచి, చక్రం కడ్డీల సందులోంచి లోపలికి పోనిచ్చి డిస్క్‌కు పట్టించాను. బండిని కొద్దిగా తోసి మళ్లీ పట్టించాను. పనిలో శ్రద్ధ చూపడం మా వంశంలో ఉంది. ఒక్క అంగుళం వదల్లేదు.

“అండ్ల ఏం చేస్తున్నవ్ అల్లుడా?” అంది అత్త.

“పూజ అత్తా.”

“బొట్టు బయటికి పెడ్తరు గద.”

“ఇది లోపలి పూజ.”

ఆవిడ మొహం వెలిగిపోయింది. గిన్నె నింపి ఇంకొంచెం నూనె ఇచ్చింది. వద్దంటే పండగపూట బాగుండదని అదీ పూశాను.

మామను పిలిచి వాకిట్లో కారును నాలుగు బారలు ముందుకు నడిపి బ్రేకు తొక్కాను. ఒక్క చప్పుడు లేదు. కారు మెత్తగా ఆగింది. వాకిట్లో ఉన్నది ఇసుక. ఆపింది ఇసుక. ఆ పేరు మాత్రం బ్రేకు ఖాతాలో వేశాను.

“గింత తొందరగ ఎట్ల బందయింది?” అన్నాడు మామ, నమ్మలేక.

“చిన్న టెక్నిక్ మామా.”

ఆ మాట అన్నప్పటి నా మొహం మీరు చూసి ఉండాల్సింది. ఇప్పుడు తలుచుకుంటే నాకే ఒకటి వేయాలనిపిస్తుంది.

సాయంత్రం మామ కొత్త ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. అత్త వెనక ఎక్కింది. సుజాత మా నాయన నేసిన చీర కట్టుకుంది. తలుపు పట్టుకుని ఒక్క క్షణం ఆగింది.

“నాయిన అన్నడని ఎక్కుతున్న. నీ మీద నమ్మకంతోని గాదు.”

ఎలాగైతేనేం, ఎక్కింది. గొర్రెల మంద తర్వాత ఆ కారులో ఆమె కాలు పెట్టడం అదే. నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. కారు నాదే, పెళ్లాం నాదే, మామ మెచ్చాడు. ఇంకేం కావాలి మనిషికి?

ముందు డప్పులు, వాటి వెనక పెద్దమనుషులు, తర్వాత జనం, ఆ తర్వాత మేము, మా వెనక ట్రాక్టర్లు. మొదటి గేరులో నడకతో సమానంగా పోతున్నాం. బ్రేకుతో పనే పడలేదు. ఊరు దాటాక రోడ్డు దిగుడుగా ఉంటుంది. దిగుడు చివర ఖాళీ జాగా, దాని మధ్యలో జమ్మి. జమ్మికి కొంచెం అవతల మడిలో పీకిన పల్లిచెట్లు ఎత్తుగా కుప్ప వేసి ఉన్నాయి.

“గా కుప్ప మనదే అల్లుడా,” అన్నాడు మామ చెయ్యి చాపి. “పండగ కాంగనే కాయ తెంపిస్త.”

“మంచిగ పండింది మామా.”

సరిగ్గా దిగుడు మొదలైనచోట ముందున్నవాళ్లలో ఎవరో “పాలపిట్ట” అన్నారు. దసరానాడు జమ్మికి పోతూ పాలపిట్టను చూస్తే ఏడాదంతా శుభం. ఊరు ఊరంతా ఉన్నచోటనే ఆగిపోయి మొహాలు పైకెత్తింది. డప్పులవాళ్లు కొడుతూనే ఆకాశంలోకి చూస్తున్నారు. మామ కూడా చూస్తున్నాడు. నేల మీద ఏం వస్తోందో చూసేవాణ్ని నేనొక్కణ్నే. వస్తున్నదీ నేనే.

బ్రేకు తొక్కాను. పెడల్ గట్టిగానే ఉంది. కూత కూడా రాలేదు. కారు మాత్రం పోతూనే ఉంది.

“ఆపు అల్లుడా,” అన్నాడు మామ పిట్ట మీంచి చూపు దించి.

“ఆపుతున్న మామా.”

“ఆగుతలేదు గద.”

“ఆగుతది.”

“ఎప్పుడు?” అంది వెనక నుంచి సుజాత.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. నూనె పూయనేల, బ్రేకు తొక్కనేల అని మాత్రం ఎవరూ అనలేదు. ఇంత తెలివైనవాడు పుడతాడని వాళ్లు ఊహించి ఉండరు. హ్యాండ్ బ్రేకు లాగాను. అది పట్టుకునేది వెనక చక్రాల్నే. అత్త ఇంకొంచెం ఇచ్చిన నూనె పూసింది సరిగ్గా వాటికే.

అప్పుడు నాకు భయం వేసింది. హాస్యానికి చెప్పడం లేదు. ముందున్నవాళ్లలో చంకన బిడ్డలున్న ఆడవాళ్లున్నారు, కర్ర పట్టుకున్న ముసలివాళ్లున్నారు. హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. డప్పుల్లో అది ఎవరికీ వినపడలేదు. అంతదాకా ఊరికి చెవుడు తెప్పించిన కూత కావలసినప్పుడు లేదు. మామ నడుం దాకా కిటికీలోంచి బయటికి వచ్చి, తలరుమాలు ఊడదీసి ఊపుతూ “జరుగుండ్రి, జరుగుండ్రి” అని అరిచాడు. దేవుడి దయ, జనం అటూ ఇటూ చీలారు. పెద్దమనుషులు మాత్రం కదలడానికి కొంత సమయం తీసుకున్నారు. ఊరేగింపులో జమ్మికి ముందు వాళ్లు చేరాలి, తర్వాతే తక్కినవాళ్లు. అది ఆ ఊరి కట్టు.

“ఏం బాలయ్యా, మాకంటె ముందుగాల పోతవా?” అన్నాడు వాళ్లలో పెద్దాయన పక్కకు గెంతుతూ.

“నేను పోతలేనన్నా,” అన్నాడు మామ దీనంగా. “తీస్కపోతుండు.”

దిగుడు అయిపోయింది. ఎదురుగా జమ్మి. ఎడమపక్క మాకంటే ముందే వచ్చి కూర్చున్న ఆడవాళ్లు. కుడిపక్క వాళ్లను దించిన బండ్లు. స్టీరింగు తిప్పడం తప్ప దారి లేదు. తిప్పాను. కారు జమ్మి చుట్టూ తిరిగింది. గేరులోనే ఉంది కాబట్టి మళ్లీ తిరిగింది. తాళంచెవి తిప్పితే ఇంజను ఆగుతుంది కదా అని మీరంటున్నారు. నాకూ తెలుసు. ఇప్పుడు తెలుసు. అప్పుడు నా రెండు చేతులూ స్టీరింగుకు, రెండు కాళ్లూ బ్రేకుకు అతుక్కుపోయి ఉన్నాయి.

మామ కళ్లు మూసుకుని రెండు చేతులూ జోడించాడు. బయటనుంచి చూసేవాళ్లకు ఆ దృశ్యం వేరేగా కనిపించింది.

“బాలయ్య ఇంటోళ్లు కార్ల ప్రదక్షిణ చేస్తుండ్రు,” అన్నారెవరో. దాంతో డప్పులవాళ్లకు హుషారొచ్చి దరువు పెంచారు. అంతలో చక్రాల సందుల్లోంచి తెల్లటి పొగ లేచింది. “ధూపం గుడ ఏసిండ్రు,” అంది ఒక ముసలామె, దండం పెట్టుకుంటూ.

పొగతోపాటు కారు లోపలికి ఒక వాసన వచ్చింది. నోరూరించే వాసన.

“యాడనో బజ్జీలు ఏస్తుండ్రు,” అన్నాడు మామ కళ్లు తెరవకుండానే.

అత్త రెండుసార్లు ఎగపీల్చింది. “పల్లినూనె అది. మన నూనె లెక్కనే ఉన్నది.”

ఇంకో చుట్టు తిరిగాం.

“అమ్మా,” అంది సుజాత నెమ్మదిగా, “పొద్దుగాల గిన్నెల నూనె ఎవరు తీస్కున్నరు?”

“అల్లుడే. చక్రాలకు లోపలి పూజ చేసిండు.”

వెనక నుంచి నా మెడ మీద సుజాత చూపు పడటం తెలిసింది. తిట్టి ఉంటే హాయిగా ఉండేది. తిట్టలేదు.

“నాయినా, గా పల్లి కుప్ప మనదే గద?”

“మనదే బిడ్డా.”

“అండ్ల పోనియ్యి,” అంది నాతో.

మామ కళ్లు తెరిచాడు. కుప్ప వైపు చూశాడు, పొగ వైపు చూశాడు, నా వైపు మాత్రం చూడలేదు. “పోనియ్యి,” అన్నాడు.

స్టీరింగు తిప్పి కుప్ప మీదికి పోనిచ్చాను. మెత్తగా దిగబడింది. పల్లిచెట్లు బానెట్ మీదికి, అద్దం మీదికి, కిటికీలోంచి మామ ఒళ్లోకి వచ్చాయి. ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. పల్లినూనెతో జారిపోయిన బ్రేకు పల్లి కుప్పలో పూర్తిగా పడింది. ఎవరికీ గీత కూడా పడలేదు.

మామ తన మీద పడ్డ ఒక చెట్టు నుంచి కాయ తెంపి, ఒలిచి నోట్లో వేసుకున్నాడు.

“తెంపుడు కూలి మిగిలింది,” అన్నాడు.

పూజ అయ్యింది. ఆ తర్వాత అందరూ జమ్మి ఆకు తెంపుకుని ‘బంగారం’ అంటూ ఒకరి చేతిలో ఒకరు పెట్టి, అలయ్ బలయ్ ఇచ్చుకుంటారు. ఆ రోజు ఎంతటి పగవాణ్నైనా కౌగిలించుకోవాల్సిందే. నాకు ఆ ఆచారం మీద అంత గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు. పక్కకు గెంతిన పెద్దాయన కూడా వచ్చి నన్ను గట్టిగా పట్టుకున్నాడు. చెవి దగ్గర నోరు పెట్టి, “వచ్చే దసరాకు నడిచి రా,” అన్నాడు.

చివరికి సుజాత వచ్చింది. కొత్త చీర అంచుకు పల్లి ఆకులు అంటుకుని ఉన్నాయి. నా అరచెయ్యి తెరిచి ఒక్క జమ్మి ఆకు పెట్టింది.

“తీస్కో, బంగారం. పైలంగ దాసుకో. నీ కారుకు ఇంతకంటె ఎక్కువ రాదు.”

మాట ప్రకారం కారు పోయింది. కొన్నది ఎవరనుకున్నారు? ఖాజాయే. నూనె తాగిన ప్యాడ్లు పారేసి, డిస్కులు శుభ్రంగా కడిగి, మళ్లీ అలాంటి ప్యాడ్లే వేసుకుని గద్వాలంతా తిరుగుతున్నాడు. నేను దుమ్ము రంగు వ్యాను కొని చీరలు వేస్తున్నాను. సేటు దగ్గర చీరల ధర తప్ప ఇంకో మాట ఎత్తను. దసరాకు అత్తగారింటికి పోతే ఆయుధపూజ అయ్యేదాకా నూనె గిన్నె ఏ మూల ఉంటుందో నాకు కనిపించదు. కనిపించకుండా దాచే బాధ్యత మామ స్వయంగా తీసుకున్నాడు.

అప్పుడప్పుడూ ఖాజా ఆ ఎర్ర కారులో మా వీధి మలుపు తిరుగుతాడు. కూత వినపడుతుంది. పట్టు బాగా ఉన్న బ్రేకు కూత అది, నా చెవికి ఇప్పుడు సంగీతంలా ఉంటుంది. ఇంట్లో మగ్గం ఆగుతుంది. గుంటలోంచి నాయన తల పైకెత్తుతాడు.

“ఎవనిదోగానీ గా బండి. జర నూనె పెట్టుకోరాదా?”

నేను చెప్పులు తొడుక్కుని బయటికి పోతాను. పోతూ పోతూ ప్రతిసారీ అదే ఒట్టు పెట్టుకుంటాను. నాయన మగ్గం సాక్షిగా, అత్తగారి ఊరి జమ్మి సాక్షిగా, ఆ పాలపిట్ట సాక్షిగా, ఆపడానికి పుట్టినదేదైనా ఎంత అరిచినా దాని నోరు మూయించను. పల్లినూనెను బజ్జీలకే వాడతాను. ఆ బజ్జీలు కూడా పొయ్యి మీద వేసినవే తింటాను.